కవరు మీద టైము

జపాన్ వాళ్ళ ఇంటి వంట మీద ఏదైనా రాయమన్నారు సంపాదకులు. నేను జపాన్ చూడలేదు. మా అక్క కూతురు మాత్రం ఆరేళ్ళుగా ఒసాకాలో ఉద్యోగం చేస్తోంది. సెలవుకి వచ్చి ఉంది కదా అని దాన్ని అడిగితే పకపకా నవ్వింది.

"వంటా? రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరి కుక్కర్లో బియ్యం పడేస్తాను. కూరలు దార్లో సూపర్ మార్కెట్లో కొనేస్తాను. నువ్వు మీ ఏఎస్ రావు నగర్ కర్రీ పాయింట్ చూసి రాసెయ్ మామయ్యా, కూరల పేర్లు మారిస్తే సరిపోతుంది!"

వేళాకోళానికి అన్నదే. అయినా సాయంత్రం ఏడింటికి దాన్నే వెంటబెట్టుకుని బయల్దేరాను.

మెయిన్ రోడ్డు వదిలి సందులోకి తిరిగితే పదడుగుల షాపు. వరసగా పద్నాలుగు స్టీలు గిన్నెలు. దొండకాయ వేపుడు, గుత్తివంకాయ, టమాటా పప్పు, ములక్కాడ పులుసు, రసం, చివర్లో గోంగూర. యజమానురాలిది కోనసీమ. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగిస్తుందట. వంటగది చూడండి రండి అని ఆవిడ రెండుసార్లు పిలిచింది గానీ నేను వెళ్ళలేదు. గిన్నెల వెనక నిలబడ్డ పెద్దాయన చేతుల దగ్గరే ఆగిపోయాను.

వేలు నోట్లో పెట్టి తడుపుకోడు, కవర్లోకి ఊదడు. పక్కనున్న తడిగుడ్డకి వేలు తాకించి, ఎడం చేత్తో పల్చటి కవరు నోరు విప్పుతాడు. కుడిచేతి గరిటె గిన్నె అడుక్కంటా వెళ్ళి ఒక్క తిప్పు తిరిగి పైకొస్తుంది, ముక్కా పులుసూ సమంగా పడాలని. రెండు గరిటెలు. ఇంకా గాలి లోపల ఉండగానే కవరు మెడ పట్టి గిర్రున మెలిపెట్టి, రబ్బరు బ్యాండు మూడు చుట్లు చుట్టి వదులుతాడు. పూరీలా పొంగిన పొట్లాన్ని ఓసారి తలకిందులు చేసి చూసి కొన్నవాళ్ళ చేతికిస్తాడు. చుక్క కారదు.

"గాలెందుకు పెద్దాయనా?"

"గాలి లేకుంటె బండి మీద ఒత్తుకపోయి పగుల్తది సార్. గాలే దానికి మెత్త." నాచారంలో పనిచేసిన కంపెనీ మూతపడ్డాక ఇక్కడికొచ్చాడట. "ఆడ గూడ ప్యాకింగే. గప్పుడు డబ్బాలు, గిప్పుడు కూరలు."

మా పిల్ల ఫోన్లో ఒసాకా ఫొటోలు తీసి చూపించింది. అక్కడి సూపర్ మార్కెట్లలో వండి అమ్మే వీటిని సోజాయ్ అంటారు. బంగాళాదుంపలు, మాంసం కలిపి సోయా సాసుతో ఉడికించే నికుజాగా, గోబో అనే వేరుని సన్నగా తరిగి చేసే కిన్‌పిరా వేపుడు, నూనెలో వేయించిన కొరొక్కె. అన్నంలోకి తినే ఏ కూరనైనా వాళ్ళు ఒకాజు అంటారని అది చెప్పగానే నాకు మా అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. ఆదరువు. అన్నమే భోజనం, మిగతావన్నీ దానికి ఆదరువులు. తొషీబా వాళ్ళ ఆటోమేటిక్ రైస్ కుక్కర్ 1955లో వచ్చింది. అన్నం బాధ్యత యంత్రం తీసుకున్నాక ఆదరువు బయట కొనుక్కోవడం ఒసాకాలోనూ వింత కాలేదు, ఇక్కడి ఈసీఐఎల్ చౌరస్తాలోనూ కాలేదు. పొద్దున్నే ఇద్దరూ డ్యూటీకి వెళ్ళే ఇంట్లో మరేం చేస్తారు?

షాపు యజమానురాలు గర్వంగా ఓ మాటంది. "మన దగ్గర టేస్టింగ్ సాల్ట్ వెయ్యమండీ." మా పిల్ల మళ్ళీ నవ్వింది. ఆ ఉప్పు పుట్టిల్లు జపానే. కొంబు అనే సముద్రపు నాచు కాచిన నీళ్ళకి ఆ రుచి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతికి, 1908లో కికునాయె ఇకెడా అనే ప్రొఫెసర్ గ్లుటమేట్‌ని పట్టుకున్నాడు. మరుసటి ఏడే అది అజినొమొటో పేరుతో బజార్లోకొచ్చింది. పండిన టమాటాలోనూ ఆ గ్లుటమేట్ సహజంగా ఉంటుంది. ఆవిడ టమాటా పప్పు రుచిలో దానికీ వాటా ఉంది. నేను చెప్పలేదు, బేరం చెడుతుంది.

ఇంతలో ఓ పెద్దమనిషి రసం గిన్నె మూత తీయించి మొహం చిట్లించాడు. "ఇది మధ్యాహ్నందేనా? అసలు ఇళ్ళల్లో వండే ఆడవాళ్ళు కరువయ్యారు గానీ, మాకీ ఖర్మేంటి!" అంటూనే మూడు కూరలు కట్టించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంటి వంట పోయిందని ఏడ్చేవాళ్ళెవరూ ఆ ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరు నిలబడ్డారో చెప్పరు. నాలుగింటికి లేచిన ఈ కోనసీమ ఆవిడ వండేది ఏం వంట? కర్మాగారం వంటా? ఆయన వెనకే ఓ అమ్మాయి స్టీలు డబ్బా చాపింది. ప్లాస్టిక్ వద్దనుకునే పిల్ల అని మురిసిపోయాను. "కవరు చూస్తే మా అత్తయ్య గొడవ చేస్తుందండీ" అంది.

జపాన్ సంప్రదాయ భోజనం, వషోకు, 2013లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అదే దేశంలో సాయంత్రం సోజాయ్ కొనడానికి జనం వరస కడతారు. మనం కొంటూనే దాస్తాం. దాచేదాన్ని బాగుచెయ్యమని అడిగే నోరు మనకుండదు. అందుకే ఆ పల్చటి కవరు ఎన్నాళ్ళయినా అలాగే ఉంది. పొగలు కక్కే పులుసు అందులో పోస్తుంటే నాకు భయమేసింది.

మా పిల్ల చూపించిన ఫొటోల్లో ప్రతి పెట్టె మీదా చీటీ ఉంది. ఏమేం వేశారో, ఏ తేదీ ఏ గంటలోగా తినాలో. మూసే వేళ దగ్గరపడితే దాని పక్కన ఇంకో చీటీ అంటిస్తారు, హంగాకు, అంటే సగం ధర. దాని కోసమే కాచుకుని ఉంటారట, మా పిల్లతో సహా. ఇక్కడ తొమ్మిదింటికి దొండకాయ వేపుడు సగం గిన్నె మిగిలింది. తగ్గించి అమ్మరాదా అని యజమానురాల్ని అడిగాను.

"తగ్గిస్తే పాచిదంటారండీ. రేపట్నించి రారు." వేపుడు పనివాళ్ళకి పంచేసింది.

చద్దన్నాన్ని నెత్తిన పెట్టుకునే మనకి పొద్దున వండిన కూర రాత్రికి పాచి! ఈసీఐఎల్‌ని నిలబెట్టిన డాక్టర్ ఏఎస్ రావు పేరు మీద వెలిసిన కాలనీ ఇది. ఓటింగ్ యంత్రాలు చేసిన ఎలక్ట్రానిక్స్ సంస్థ అది. దేశం వేసే ఓట్ల లెక్క పొల్లుపోకుండా రాయగలిగిన చోట, పులుసు పొట్లం మీద గంట రాయడం కుదరదా?

మా పిల్ల పక్క స్టేషనరీ షాపుకెళ్ళి మార్కర్ పెన్ను తెచ్చింది. "కవరు మీద వండిన టైము రాయించండి ఆంటీ" అని పెద్దాయన ముందు పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, మూత తీసి, ఓ ఖాళీ కవరు మీద గీసి చూశాడు. బాగానే రాసింది. ఆవిడ మాత్రం తలూపలేదు.

"పొద్దున పదింటికి వండాం అని రాస్తే రాత్రి ఎవరు కొంటారమ్మా?"

దీనికి ఆవిడ దగ్గర జవాబు లేదు, ఉండక్కర్లేదు కూడా. రాసినా కొంటామని చెప్పాల్సింది కొనేవాళ్ళం. నేను చెప్పి వచ్చాను. మీ సందు చివర కర్రీ పాయింట్లో మీరూ ఓసారి చెప్పి చూడండి.