మా తరువాత నెవరు?



మేమైదుగురము తల్లులము. కృష్ణాతీరమునందలి యొక పట్టణములో కాపురముండువారము. మాలో నొకరు పాఠశాలలో నుపాధ్యాయిని, ఒకరు బట్టలు కుట్టి జీవించువారు, తక్కిన మువ్వురును గృహిణులు. కలిమి వేఱు, కులము వేఱు. కాని మమ్ము నొకచోట చేర్చిన కారణ మొక్కటియే. మా యైదిండ్లలోను ఆటిజముగాని, సెరిబ్రల్ పాల్సీగాని, మేధోవైకల్యముగాని గల బిడ్డలున్నారు. వారిలో చిన్నవానికి 9 ఏండ్లు, పెద్దపిల్లకు 24. ప్రతిమాసమును రెండవ యాదివారమున నొకరింట చేరి, కష్టసుఖములు చెప్పుకొని, ఒకరికి దెలిసిన సంగతి తక్కినవారికి దెలియజేయుట మా యలవాటు.

ఇట్టి బిడ్డను గన్న తల్లి గుండెలో రేయింబవళ్లు మెదలు ప్రశ్న యొక్కటి కలదు. "మేము పోయిన పిదప వీని కన్నము పెట్టువారెవరు?" అనునదియే యా ప్రశ్న. నోరు విడిచి చెప్పినచో పెద్దలు "అట్టి యశుభపు మాటలేల? భగవంతుడే చూచుకొనును" అందురు. భగవంతునియందు మాకును విశ్వాసము గలదు. కాని బ్యాంకు కాగితముపై భగవంతుడు చేవ్రాలు చేయడుకదా! ఆ ప్రశ్నకు జవాబును మేము జీవించియుండగనే కొంచెము కొంచెముగా సిద్ధపఱుపవలెనని నిశ్చయించుకొంటిమి. ఎట్లు సిద్ధపఱచుచున్నామో చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాలో నొకరి కుమారునకు 18 ఏండ్లు నిండిన కొలది దినములకు, తాతగారు వానిపేర వేసిన డిపాజిట్టు గడువు తీరెను. తల్లి బ్యాంకునకు బోగా, "అమ్మా, మీ అబ్బాయి యిప్పుడు మేజరు. అతడే సంతకము చేయవలెను, మీ సంతకము చెల్లదు" అని యచ్చటి యధికారి చెప్పెను. ఆ బాలునకు తన పేరు పలుకుటయే కష్టము. నిన్నటివఱకు చెల్లిన సంతకము నేడేల చెల్లకపోయెనో తల్లికి బోధపడలేదు. కాని చట్టమట్లే యున్నది. 18 ఏండ్లు నిండినంతనే యే బిడ్డయైనను చట్టము దృష్టిలో పెద్దవాడే. తల్లిదండ్రులకు సహజముగా నుండు సంరక్షకాధికార మానాటితో ముగియును. బిడ్డకు వైకల్యమున్నదను కారణముచే నది తనంతట తాను కొనసాగదు.

దీనికి మార్గము 1999వ సంవత్సరపు నేషనల్ ట్రస్టు చట్టమున నున్నది. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యము, ఒకటికంటె నెక్కువ వైకల్యములు కలిసియుండుట, ఈ నాలుగింటికి నది వర్తించును. దాని ననుసరించి లోకల్ లెవెల్ కమిటీ యను సంఘమొకటి జిల్లాలో నేర్పడును. అందు కలెక్టరు హోదాగల యధికారి, రిజిస్టరైన స్వచ్ఛందసంస్థ ప్రతినిధి యొకరు, వైకల్యముగల వ్యక్తి యొకరు సభ్యులుగా నుందురు. 18 ఏండ్లు దాటిన బిడ్డకు సంరక్షకుని నియమింపుమని తల్లిదండ్రులుగాని బంధువులుగాని యీ సంఘమునకు దరఖాస్తు చేసికొనవలెను. బిడ్డకు సంరక్షకు డవసరమా, అవసరమైనచో నేయే విషయములందు అని విచారించి సంఘము నియామకపత్ర మిచ్చును. ఇట్టి పత్రమును ప్రమాణముగా గ్రహించి ఖాతాలు నడపనీయవచ్చునని రిజర్వు బ్యాంకు 2007లోనే బ్యాంకులకు దెలిపియున్నది. మా స్నేహితురాలు పత్రముతో మరల బోయినపుడు పని నెఱవేఱెను.

సంరక్షకుడైనవాడు 6 మాసములలో బిడ్డ యాస్తిపాస్తుల జాబితా నీయవలెను. ఏటేట లెక్కలు చూపవలెను. బిడ్డను నిర్లక్ష్యము చేసినను, సొమ్ము నపహరించినను వానిని తొలగింపవచ్చును. కన్నతల్లి లెక్కలు చూపుటేమని మాలో నొకరికి మొదట కోపము వచ్చెను. కాని రేపు మా స్థానమున నిలుచువారికిని ఈ కట్టుబాటే వర్తించునుగదా యని తలచినపుడు, అది మా బిడ్డల చుట్టు గట్టిన కంచెవలె దోచెను.

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము మఱియొక మాట చెప్పుచున్నది. సంరక్షకుడును వైకల్యముగల వ్యక్తియు గలిసి, ఆ వ్యక్తి యిష్టానిష్టముల ననుసరించి నిర్ణయములు చేయవలెనట. దీనికి పరిమిత సంరక్షకత్వమని పేరు. మా పెద్దపిల్లకు లెక్కలు రావు. కాని పండుగకు గట్టవలసిన చీర రంగు తానే చెప్పును. తనకు గిట్టని బంధువు వచ్చినచో లోపలికి బోయి తలుపు వేసికొనును. ఆమెకు మనస్సు లేదని యెవరనగలరు? ఆమె మాట నలుగురికిని వినబడునట్లు చేయుటయే సంరక్షణమని మా యభిప్రాయము.

ఈ కమిటీ యొద్దకు బోవుటకు ముందే చేతనుండవలసిన కాగితములు కొన్ని గలవు. అన్నిటికిని మూలము వైకల్య ధ్రువపత్రము. మన రెండు రాష్ట్రములలోను దీనిని సదరం పత్రమని వాడుక. ముందుగా దినము నిర్ణయింపజేసికొని, ప్రభుత్వవైద్యుల యెదుట బిడ్డను చూపవలెను. వైకల్యము 40 శాతమునకు దక్కువ కాదని తేలినచో పెక్కు సహాయములకు ద్వారము తెఱచుకొనును. దేశమంతటను చెల్లు యూడీఐడీ కార్డునుగూడ తీసికొనవలెను. పింఛను ఆంధ్రప్రదేశమున 2024 జూలైలో నెలకు 6,000 రూపాయలకు పెంపబడెను. తెలంగాణమున 2023లో 4,016 రూపాయలు చేసిరి. పైన జెప్పిన నాలుగు వైకల్యములవారికి నేషనల్ ట్రస్టువారి నిరామయ యను బీమా యొకటి గలదు. సాలునకు 1 లక్ష రూపాయలవఱకు వైద్యవ్యయమును భరించు నీ బీమాకు ముందుగా వైద్యపరీక్ష యక్కఱలేదు. ఆసుపత్రిలో చేరుటకేగాక, ఫిజియోథెరపీవంటి చికిత్సలకును కొంత సొమ్ము వచ్చును. దీని నేటేట పునరుద్ధరించుకొనవలెను. తోడులేనిదే ప్రయాణింపజాలని మేధోవైకల్యముగలవారికి స్లీపరు మున్నగు రైలు తరగతులలో 75 శాతము రాయితీ గలదు. వెంటబోవు నొకరికిని అంతియే. ఈ కాగితముల నన్నిటిని నకళ్లతో నొక సంచిలో నుంచి, అదెచ్చట నున్నదో యింటిలో నిద్దఱికైన దెలిసియుండునట్లు చేయవలెను.

బిడ్డ యింకను పసివాడైయున్న తల్లులు 18వ యేటివఱకు వేచియుండ నక్కఱలేదు. 2013లో నారంభింపబడిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద, పుట్టినది మొదలు 18 ఏండ్లవఱకు పిల్లలను అంగన్వాడీలలోను ప్రభుత్వ పాఠశాలలలోను పరీక్షింతురు. లోపము గానబడినచో జిల్లాకేంద్రమునందలి సత్వర చికిత్సాకేంద్రమునకు బంపుదురు. మెడ నిలుపుట, కూర్చుండుట, మాటాడుట ఆలస్యమైనపుడు "వాళ్ల నాన్నకును ఆలస్యముగనే మాటలు వచ్చినవి" అను మాట విని యూరకుండరాదు. 6 మొదలు 18 ఏండ్లవఱకు ఉచితవిద్య యిట్టి పిల్లల హక్కని 2016 చట్టమే చెప్పుచున్నది. మండలములలో భవిత కేంద్రములు గలవు. బడికి రాజాలని పిల్లలకు ఉపాధ్యాయు లింటికే వచ్చి నేర్పు నేర్పాటును గలదు. సికింద్రాబాదునందలి మనోవికాసనగరున 1984లో స్థాపింపబడిన జాతీయసంస్థయందు బిడ్డ శక్తిని పరీక్షించి, ఇంటియొద్ద నేమి నేర్పవలెనో తల్లికే బోధింతురు. మాలో నిద్దఱ మచ్చటికి బోయివచ్చితిమి.

కాగితము లెన్ని యున్నను, బిడ్డ తనపని తాను జేసికొన్నంతవఱకు వానిని చూచువారికి భారము తగ్గును. ఇది మేము మఱవము. ఏ పనినైనను చిన్న చిన్న మెట్లుగా విడదీసి, కడపటి మెట్టును మొదట నేర్పుట మాకు మిగుల ఫలించిన పద్ధతి. చొక్కాకు 5 బొత్తాములున్నచో నాలుగు మనము పెట్టి, అయిదవదానిని బిడ్డచే బెట్టింపవలెను. పని ముగించితినను సంతోషము వానికే దక్కును. అది వచ్చిన పిదప కడపటి రెండు, ఆ పిమ్మట మూడు. మా యింటి బాలుడొకడు చొక్కా తొడుగుకొనుట కిట్లు 7 మాసములు పట్టెను. ఆనాడు మేమందఱమును మిఠాయి తింటిమి.

ఆడుపిల్లల తల్లులు సిగ్గుపడక చేయవలసిన పనియు నొకటి గలదు. పిల్ల రజస్వల కాకమునుపే నెలసరిని గూర్చి బొమ్మకు గట్టి చూపి, గుడ్డగాని ప్యాడుగాని మార్చుకొనుట నలవాటు చేయవలెను. తన శరీరమును పరు లెచ్చట తాకరాదో, తాకినచో నెవరికి జెప్పవలెనో దినమును వల్లింపజేయవలెను. మాటలు రాని పిల్లకు సైగ నేర్పవలెను. ఆపదలో నున్న పిల్లలకై 1098 అను టెలిఫోను సంఖ్య రాత్రింబవళ్లు పనిచేయును.

ఇక తోబుట్టువుల మాట. "చెల్లెలున్నదికదా, అన్నను చూచుకొనును" అని మన యిండ్లలో తేలికగా ననివేయుదురు. మాలో నొకరి చిన్నకూతునకు సంబంధములు చూచుచుండగా, ఆ పిల్ల తల్లితో, "అమ్మా, అన్నయ్యను నేను విడువను. కాని నన్నడుగకుండ నాపై వ్రాయకుడు. నేనే పెండ్లివారితో ముందుగా జెప్పెదను" అనెను. ఆ మాట మా కందఱకును కనువిప్పయ్యెను. తోబుట్టువుల ప్రేమ గొప్పది. అడిగి తీసికొన్నచో నది నిలుచును. వారి చేతికి బాధ్యతతోబాటు సాధనములను గూడ నీయవలెను. అందుచే మేము వీలునామాలు వ్రాసితిమి. తెల్లకాగితముపై వ్రాసి, ఇద్దఱు సాక్షుల చేవ్రాళ్లు చేయించినచో వీలునామా చెల్లును. రిజిస్ట్రేషను తప్పనిసరి గాదు. ఆస్తి కొంచెము హెచ్చుగా నున్నవారు దానిని బిడ్డపేర నేరుగా బెట్టక, నమ్మకస్థులతో నొక ట్రస్టు నేర్పఱచుట మేలని న్యాయవాది చెప్పెను. కేంద్రప్రభుత్వోద్యోగుల బిడ్డ తనంతట జీవిక సంపాదించుకొనజాలనిచో, నియమముల ననుసరించి వానికి జీవితాంతము కుటుంబపింఛను వచ్చును. ఉద్యోగి జీవించియుండగనే బిడ్డ పేరు ఆఫీసులో నెక్కింపవలెను. తక్కిన యుద్యోగులు తమ కార్యాలయముల విచారించుకొనదగును.

కట్టకడపట, కాసు ఖర్చులేని సాధన మొకటి చెప్పెదము. గడచిన వానకాలమున మాలో నొకరికి డెంగ్యూజ్వరము వచ్చి, 8 దినములు ఆసుపత్రిలో నుండవలసివచ్చెను. ఇంట నామె కుమార్తె రెండు దినము లన్నము ముట్టలేదు. వదినెలు, పినతల్లులు నెందఱో వచ్చి బ్రతిమాలిరి. మూడవనాడు తల్లి పడకమీదనుండి చెప్పి పంపెను: అన్నమును పెరుగును వేఱువేఱు గిన్నెలలో బెట్టవలెను, కంచము నీలిరంగుదై యుండవలెను, తినునంతసేపు ఫ్యాను తిరుగరాదు. అట్లు చేయగా పిల్ల వెంటనే తినెను.

ఆ దినము మొదలు మా యైదుగురి యిండ్లలోను బిడ్డకొక నోటుపుస్తక ముంచితిమి. ఏ మందు ఎన్ని గంటలకు, ఏది తిన్నచో పడదు, దేనికి భయపడును, ఏ పాటకు నిద్రపోవును, కడుపునొప్పి వచ్చినపుడెట్లు సైగ చేయును, ఇవన్నియు దానిలో వ్రాయుచున్నాము. తల్లి మనస్సులో మాత్రమే యున్న సంగతి తల్లితోనే పోవును. కాగితముపై నున్నది మఱియొకరి చేతికందును. నెలకొక్కసారి మా పుస్తకములు మార్చుకొని చదివికొని, ఒకరి బిడ్డను మఱియొకరు ఒకపూట తమయింట నుంచుకొందుము. బిడ్డకు మఱియొక చేతి యన్న మలవాటగును. తల్లికి నొకపూట కన్నుమూసి నిద్రించు భాగ్యము గలుగును.

మా ప్రశ్నకు సంపూర్ణమైన జవాబింకను దొరకలేదు. కాని యిప్పుడు "మా తరువాత నెవరు?" అనుకొన్నపుడు, శూన్యమునకు మాఱుగా కొన్ని ముఖములు, కొన్ని కాగితములు, తమపని కొంత తాము చేసికొనగల రెండు చేతులు కన్నులకు గట్టుచున్నవి. ఇట్టి బిడ్డగల సోదరి మీ వీథిలో నున్నచో, ఈ పుట నామెకు జదివి వినిపింపుడు. నేటి రాత్రి వంటయిల్లు సర్దిన పిదప నామె పుస్తకమున నొక్క పంక్తి వ్రాసికొన్నను మాకు దృప్తి.