దరఖాస్తులో వ్రాసిన మాట

మనశ్శాస్త్రమున ఎం.ఏ. చదువవలెనని నిశ్చయించుకొన్ననాడు, నాకు అడ్డువచ్చునది ప్రవేశపరీక్ష యొక్కటే యని తలచితిని. తీరా దరఖాస్తు నింపబూనినప్పుడు అంతకంటె కష్టమైనవి రెండు కనబడినవి. ఒకటి చిరునామా. రెండవది, “ఈ శాస్త్రమును మీరేల చదువగోరుచున్నారు?” అను ప్రశ్న. ఇది 2024వ సంవత్సరపు మాట.

మా ఇల్లు కామాఠీపురాలోని ఒక పాత చాల్‌లో ఒక్క ఖోలీ. నేటి తెలంగాణ ప్రాంతమునుండి వలస వచ్చి, ఈ నగరపు కట్టడములకు రాళ్లెత్తిన కామాఠీల పేరే ఈ పేటకు నిలిచినది. అయినను, పేట పేరు చెప్పగానే వినువారికి వేరొక సంగతియే స్ఫురించును. “వర్లీలోని మీ మేనమామ చిరునామా వ్రాయరాదా?” అని హితవు చెప్పినవారును కలరు. కొన్నాళ్లు ఆ గడిని ఖాళీగానే ఉంచితిని.

ఖోలీలో మేము ఐదుగురము. రాత్రి పదకొండు దాటి సందడి అణగిన తరువాత, వరండా దీపము క్రింద కూర్చుండి చదివెడిదానను. 1879లో లైప్‌జిగ్ నగరమున వుంట్ పండితుడు ప్రయోగశాల నెలకొల్పుటయు, 1916లో కలకత్తా విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమునకు ప్రత్యేక శాఖ ఏర్పడుటయు సులభముగనే కంఠస్థమైనవి. గణాంకములు మాత్రము కొరుకుడు పడలేదు. చివరకు చాల్‌లోని ఇండ్ల కరెంటు బిల్లులు అడిగి తెచ్చుకొని, ఏ ఇంటి బిల్లు సగటునకు ఎంత దూరమున నున్నదో లెక్కకట్టి, ప్రామాణిక విచలనము అననేమో తెలిసికొంటిని.

ఆ చదువులోనే ఒక సంగతి నా కంటబడినది. నేను దరఖాస్తు పెట్టుచున్న టాటా సాంఘికశాస్త్రముల సంస్థ, 1936లో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ సంచాలకత్వమున తొలుత ఆరంభమైనది మా పొరుగున నున్న నాగ్‌పాడాలోనే! 1954లో అది దేవనార్‌కు తరలినది. మా వీథికి నడచిపోగల దూరమున పుట్టిన సంస్థకు మా వీథి పేరు దాచుట యేల? ఆ రాత్రియే గల్లీ నెంబరుతో సహా చిరునామా పూర్తిగా వ్రాసితిని.

ఇక రెండవ ప్రశ్న. దానికి సమాధానము మా తాతగారు.

ఆయన బట్టల మిల్లు కార్మికుడు. 1982 జనవరి 18న మొదలైన మహాసమ్మెలో దాదాపు రెండున్నర లక్షలమందితో పాటు ఆయనయు పని మానెను. తిరిగి ఆ పని ఆయనకు దొరకలేదు. నేను పుట్టునప్పటికి అది జరిగి ఇరువది యేండ్లు. అయినను, తెల్లవారుజామున లేచి, స్నానము చేసి, చొక్కా తొడిగికొని, వరండా కటకటాలు పట్టుకొని భోంగా కూయు వేళవరకు నిలుచుండెడివాడు. మ్రోగని ఆ భోంగా వేళ దాటిన పిమ్మట లోపలికి వచ్చి చొక్కా విప్పి చిలుకకొయ్యకు తగిలించెడివాడు. రోజంతయు మాటలాడినది తక్కువ.

“మా తాతగారు మానసిక కుంగుబాటుతో బాధపడిరి” అని ఆంగ్లమున వ్యాసము మొదలుపెట్టితిని. పాఠ్యగ్రంథములోని లక్షణములను ఒక్కొక్కటే సరిచూచి, కొన్నిటికి టిక్కు పెట్టితిని. పిదప దానిని తెలుగున మా నాయనమ్మకు వినిపించితిని. ఆమె చాలసేపు పలుకలేదు.

“రోగమెక్కడిది బిడ్డా? పని పాయె, తోటోళ్లు పాయిరి. మనాది పట్టింది మీ తాతకు,” అన్నది. కొంత తడవునకు, “ఆయన పేరు మాత్రం రాయకు,” అనెను.

ఆ మాటతో నా వ్యాసము కూలినది. తాతగారికి వైద్యము అక్కరలేదని నేననను. సకాలమున ఎవరైన చూచియుండిన మేలు కలిగెడిదేమో. కాని కోల్పోయినదానిని అడుగక, లక్షణములు మాత్రమే లెక్కించిన పరీక్ష సగము పరీక్షయే. మా చాల్‌లోని వృద్ధులు వైద్యుని యెదుట వచ్చీరాని హిందీలో “తలనొప్పి, నిద్ర లేదు” అని చెప్పి వచ్చెదరు. రంది, బుగులు, మనాది అను మాటలు గుమ్మము బయటనే నిలిచిపోవును. ఆ మాటలను లోపలికి తీసికొనిపోవుటకే ఈ చదువు కోరుచున్నానని, తాతగారి పేరు లేకుండ తిరిగి వ్రాసితిని. మనాది అను మాటను మార్చక ఉంచి, అర్థమును వివరించితిని. ఆ వ్యాసమును వినిపించినప్పుడు నాయనమ్మ తల ఊపినది.

ఆ యేడు నాకు ప్రవేశము దొరకలేదు. గణాంకములే దెబ్బ తీసినవి. ఇప్పుడు మరల సిద్ధపడుచున్నాను. ఈలోగా ఒక నోటు పుస్తకమున, మన పెద్దలు మనసు బాధకు వాడు మాటలను, ఏ సందర్భమున ఎవరు ఎట్లనిరో సహా, వారి పేర్లు లేకుండ వ్రాసికొనుచున్నాను. పాఠకులలో ఎవరింటనైన అట్టి మాట యున్నచో, దయచేసి ఆ పెద్దలను అడిగి, వారు ఒప్పుకొన్నచో, వ్రాసియుంచుడు. అడుగవలసినవారు ఒక్కొక్కరే వెడలిపోవుచున్నారు.