మర్ఫీ ఖరీదెంత?

నాలుగంటే నాలుగే నిమిషాలు. పాలు, బ్రెడ్డు కొనుక్కుని కొట్లోంచి బయటికొచ్చేసరికి రైలింగుకి కట్టిన తాడు లేదు, మర్ఫీ లేడు. 2025 జనవరి, ఎడిన్‌బరాలోని లీత్‌లో సన్నగా వాన పడుతోంది. పిలుస్తూ వీధి ఆ చివరికీ ఈ చివరికీ పరిగెత్తాను. ట్రామ్ కోసం నిలబడ్డవాళ్లని అడిగాను. ఎవరూ చూడలేదన్నారు.

మర్ఫీ నా కుక్క కాదు. మా ఇంటి ఓనరమ్మది. డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. మాస్టర్స్‌కని వచ్చి ఆమె ఇంట్లో పైగది అద్దెకి తీసుకున్నాను. ఆమెకి మోకాళ్ల నొప్పులని సాయంత్రం పూట మర్ఫీని నేనే తిప్పుకొచ్చేవాణ్ణి. ఆ రోజు ఇంటికెళ్లి తలుపు కొట్టడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

పోలీసులకి ఫోన్ చేశాం. జాతి, రంగు, చిప్ నంబరు అడిగారు. ఇక్కడ 2016 నుంచి కుక్కలకి మైక్రోచిప్ తప్పనిసరి, పదిహేను అంకెల నంబరుంటుంది. ఆ తర్వాత ప్రశ్న: ‘విలువ ఎంత?’ మర్యాదగానే అడిగారు, వాళ్ల ఫారంలో ఆ గడి ఉంది మరి. మర్ఫీని షెల్టర్ నుంచి తెచ్చుకుంది. ఏం చెప్పాలో తెలియక ఆమె నా వైపు చూసింది. చివర్లో కేసు నంబరు ఇచ్చారు. అంతకుముందు ఏడాది నా సైకిల్ పోయినప్పుడూ అచ్చం ఇలాంటి నంబరే ఇచ్చారు.

ఫిబ్రవరిలో స్కాట్లాండ్ పార్లమెంటులో ఒక బిల్లు పెట్టారు, కుక్కల దొంగతనం మీద. మారిస్ గోల్డెన్ అనే సభ్యుడు సొంతంగా తెచ్చిన బిల్లు. అమ్మకి ఫోన్లో చెబితే హన్మకొండ నుంచి ఒకటే నవ్వు. “కుక్కలకు గూడ పార్లమెంటా? నువ్వు సదువుకోనీకి పోయినవా, కుక్కల మేపనీకి పోయినవా బిడ్డా?”

నవ్వేదే. మా ఇంట్లో రాజుగాడు పోయినప్పుడు నేను ఏడో క్లాసు. ఎవరో ఎత్తుకుపోయుంటార్లే అనుకున్నాం, అంతే. స్టేషన్‌కి వెళ్లాలన్న ఆలోచన కూడా రాలేదు. వెళ్లినా ఏం రాసుకునేవాళ్లు? ఇప్పటి మన భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి మూడేళ్ల దాకా జైలుంది. కానీ పోయిన సొత్తు ఐదు వేల లోపైతే, దొంగకి అదే మొదటి తప్పైతే, సొత్తో దాని విలువో తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరి. వీధిలోంచి వచ్చిన రాజుగాడికి ఐదు వేలు ఎవరు కడతారు?

సరే, ఇక్కడి సంగతి. లాక్‌డౌన్‌లో జనం ఎగబడి కుక్కల్ని కొన్నారు, కూనల ధరలు ఆకాశానికెక్కాయి, దొంగల కన్నూ పడింది. 2021లో ప్రభుత్వం ఒక టాస్క్‌ఫోర్స్ వేసింది. ఆ తర్వాత వచ్చిన ఒక బిల్లు 2023లో మధ్యలోనే ఆగిపోయింది. చివరికి 2024లో పెంపుడు జంతువుల అపహరణ చట్టం వచ్చింది, ఐదేళ్ల దాకా జైలు, కుక్కతో పాటు పిల్లికీ వర్తిస్తుంది. కాకపోతే అది ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లకే. స్కాట్లాండ్‌లో దొంగతనమంటే ఎప్పటి నుంచో నడుస్తున్న కామన్ లా. అప్పటికి కుక్కైనా కుర్చీ అయినా ఒకటే లెక్క.

కొత్త బిల్లుని గ్రామీణ వ్యవహారాలు, ద్వీపాల కమిటీకి పంపారు. కమిటీ సమావేశాలు లైవ్‌లో చూడొచ్చు. ఓనరమ్మా నేనూ వంటింట్లో ట్యాబ్లెట్ పెట్టుకుని చూశాం. సినిమాలా ఉంటుందనుకోకండి. నిపుణుల్ని పిలుస్తారు, అడిగిందే తిప్పి తిప్పి అడుగుతారు. అసలు ప్రశ్న ఒక్కటే, ఉన్న చట్టం చాలదా? కామన్ లా కింద పెద్ద కోర్టు ఇంతకంటే ఎక్కువ శిక్షే వేయగలదు. కొత్త బిల్లులో గరిష్ఠం ఐదేళ్లు. ‘మరి ఎందుకిది?’ అని మొదట నాకూ అనిపించింది. దొంగ దొరక్కపోతే ఐదైనా యాభై అయినా ఒకటే కదా!

కానీ బిల్లులో ఇంకొన్ని ఉన్నాయి. ఈ నేరాల లెక్కలు ఏటా బయటపెట్టాలి. అంటే మర్ఫీ నా సైకిల్ వరసలో కలిసిపోడు. వికలాంగులకి సాయపడే కుక్కని దొంగిలిస్తే నేరం మరింత తీవ్రమైనదిగా చూడాలి. మర్ఫీకి ఆ హోదా లేదు, ఉత్త కుక్క. కానీ వాడు పోయాక ఈమె ఆదివారం చర్చికి తప్ప గడప దాటట్లేదు. ఆ హోదా ఎవరికివ్వాలో గీత ఎక్కడ గీస్తారు? నాకైతే తేలలేదు.

ఆమె ఆగింది మాత్రం ఇంకో క్లాజు దగ్గర. కుక్క పోయినందువల్ల తమకేమైందో బాధితులు కోర్టుకి చెప్పుకునే అవకాశం. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. “విలువ అడిగిన గడిలో ఇది రాయొచ్చన్నమాట” అంది. నేనేమీ అనలేదు. ఆ గడి ఖాళీగా ఉండటానికి కారణం నేనేగా.

మర్ఫీ ఇంకా దొరకలేదు. మొన్న చిప్ రిజిస్టర్‌లో వివరాలు సరిచూడాలని నన్ను పిలిచింది. మొదటి ఫోన్ నంబరు ఆమెది. వాడు ఎక్కడైనా దొరికి, ఆమె ఫోన్ ఎత్తకపోతే ఎవరికి చేయాలి? రెండో గడిలో నా నంబరు కొట్టమంది.