పెద్దవూర చేలలో కూలిన విమానము

2022 ఫిబ్రవరి 26న, విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్ నుండి ఒంటరిగా ఎగిరిన శిక్షణార్థిని యొకతె, మన నల్లగొండ జిల్లా పెద్దవూర మండలమందలి తుంగతుర్తి చేలలో సెస్నా 152 కూలి అసువులు బాసినది. రెండే సీట్లు, ముక్కున ఒక్క ఇంజను గల ఆ చిన్న విమానమున, పక్కన గురువు లేకుండ గగనమున కెగయుట ప్రతి పైలటునకును అనివార్యమైన పరీక్ష. ఎత్తు చాలని వేళ చిక్కు వచ్చెనా, చదునైన నేల వెదకికొనుటకు మిగులునవి క్షణములే. బోరుమోటార్లకై చేనుచేనునకు సాగిన మన కరెంటు తీగలు పైనుండి చూచువారికి దగ్గరకు వచ్చువరకు కానరావు. అంతకుముందు, 2019 అక్టోబరులో, వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ చేలలో నిట్లే ఇద్దరు శిక్షణార్థులు గతించిరి. అందరును ఇరువదులలోని పిల్లలే. తలచిన కడుపు తరుగుకొని పోవుచున్నది. మిత్రులారా, ఇట్టి దుర్ఘటనలు జరిగినపుడు శకలముల నడుమనున్న దేహముల ఫొటోలను దయచేసి షేర్ చేయకుడు, కన్నవారు చూతురు.