తార్నాకలో ఒక గేటు ముందు



గత ఫిబ్రవరి నెలలో మా మనుమరాలి నర్సింగు పరీక్ష నిమిత్తము సికింద్రాబాదు వెళ్ళాము. మా చిన్న తమ్ముడు కూడా మాతో బయలుదేరాడు. అతనికి చూపు లేదు. పరీక్ష ముగిసేలోగా తార్నాక వెళ్దామని అతడే అడిగాడు.

తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయము పొరుగున, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. పైన మెట్రో రైలు, క్రింద బస్సుల రద్దీ. ఆ గేటు ముందు మేము ముగ్గురము కొంతసేపు నిలబడ్డాము. లోపలికి వెళ్ళే పని మాకేమీ లేదు. అయినా ఆ చోటు చూడాలని మాకెందుకు అనిపించిందో చెబుతాము.

1966లో మా తమ్ముడికి మూడేండ్లు. వానికి తట్టు పోసింది, వెంటనే విరేచనాలు పట్టుకున్నాయి. ఇంట్లో పెద్దలము పథ్యము పెట్టాము. నూనె వద్దన్నాము, ఆకుకూర వద్దన్నాము, పాలు వద్దన్నాము. గంజి, ఉప్పు మాత్రమే ఇచ్చాము. కొన్నాళ్ళకు దీపాలు పెట్టే వేళ పిల్లవాడు గడపకు తట్టుకొని పడసాగాడు. "వెలుగు చాలదేమో" అనుకున్నాము. తెల్లగ్రుడ్డు మీద నురుగు వంటి మచ్చ కనిపిస్తే దుమ్ము పడిందన్నాము. పట్టణము తీసుకొని వెళ్ళేసరికి రెండు నల్లగ్రుడ్లు మెత్తబడి పోయాయి. ప్రేమతో పెట్టిన పథ్యమే వాని కండ్లు తీసింది.

ఈ సంస్థ మొదట మన ప్రాంతములో లేదు. 1918లో నీలగిరి కొండలలోని కూనూరులో, సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఒకే ఒక్క గదిలో బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు దీనిని ఆరంభించారు. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు వచ్చింది. ఇక్కడి శాస్త్రజ్ఞులు డాక్టర్ సి. గోపాలన్ గారి నాయకత్వములో పల్లెపిల్లల కండ్లను గూర్చి ఆలోచించారు. విటమిన్ ఎ మన కాలేయములో నిలువ ఉంటుంది. గాదెలో ధాన్యము నింపుకొని ఏడాది తిన్నట్లు, పెద్ద మోతాదు ఒకసారి ఇస్తే బిడ్డకు ఆరు నెలలు ఆధారము దొరుకుతుంది. ఈ ఉపాయము ఆధారముగా 1970లో దేశమంతటికీ కార్యక్రమము మొదలైంది. మా తమ్ముడికి అది నాలుగేండ్లు ఆలస్యము.

నేడు తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకాతోపాటు లక్ష యూనిట్ల మొదటి మోతాదు ఇస్తారు. ఆ తరువాత ఐదేండ్లు నిండేవరకు ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్లు ఇస్తారు. మొత్తము తొమ్మిది మోతాదులు. దీనిని ఆరోగ్య కార్యకర్త చేతనే పోయించాలి. ఎక్కువైతే హాని గనుక సొంతముగా కొని పోయకూడదు.

మందు ఒక్కటే చాలదు. ఈ సంస్థ 2017లో 528 ఆహార పదార్థాలలో ఏ పోషకము ఎంత ఉన్నదో లెక్కగట్టి పట్టికలు ప్రచురించింది. మనము పెద్ద పుస్తకము తెరవనక్కరలేదు. పెరటిలోని మునగాకు, తోటకూర, పండిన బొప్పాయి, మామిడి చాలు. ఆకుకూరలో ఒక చెంచా నూనె వేస్తేనే ఆ సత్తువ ఒంటికి పడుతుంది. తల్లులారా, తట్టు పోసినా, విరేచనాలైనా బిడ్డకు ఆహారము మానిపించకండి. సందెవేళ బిడ్డ తడుముకొంటే దానిని రేచీకటిగా ఎంచి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసుకొని వెళ్ళండి.

గేటు దగ్గర మా తమ్ముడు చేయి చాచి ఇనుప కడ్డీని పట్టుకొన్నాడు. "అన్నా, ఇదేనా?" అన్నాడు. "ఇదేరా" అన్నాము. ఆనాటి పథ్యము మాట అరువది ఏండ్లుగా మా నోట రాలేదు. ఆ రోజు చెప్పాము. అతడు కాసేపు ఊరకున్నాడు. తరువాత, "మీకు మాత్రము ఎవరు చెప్పారన్నా? మన మనుమరాలు నర్సు అయితే పదిమందికి చెబుతుందిలే. పద, దాని పరీక్ష అయిపోయే వేళయింది" అన్నాడు.

అతని చేయి పట్టుకొని రోడ్డు దాటాము.