పెట్రోలు అడుగంటిన హైబ్రిడ్ కారు, కొండదారి, ఒక షుగర్ రోగి

ఆరోగ్య విషయాలు చెప్పవలసిన చోట ఈ ముసలి డాక్టరు కారు గురించి రాస్తున్నాడేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. మా గుమ్మలక్ష్మీపురం వంటి చోట బండి కూడా వైద్య పరికరమే. దారి లేని గూడేల నుంచి నేటికీ రోగులను డోలీలో మోసుకొని తారురోడ్డు దాకా తెస్తారు. అక్కడి నుంచి భద్రగిరి ఆసుపత్రికో, పరిస్థితి విషమిస్తే పార్వతీపురానికో చేర్చవలసినది ఏదో ఒక వాహనమే.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి డీజిలు జీపు ఉండేది. దానిలో ఇంధనం పూర్తిగా అయిపోతే గొట్టాల్లోకి గాలి చేరేది. తరువాత డీజిలు పోసినా ఆ గాలిని చేతి పంపుతో బయటకు పంపేదాకా ఇంజను అందుకునేది కాదు. స్కూటర్లకైతే రిజర్వు మర ఉండేది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగితే వంగి మర తిప్పేవాళ్లం, ఇక బంకు వెతుక్కోవలసిందేనని తెలిసేది. ఇప్పటి కార్లలో ఆ మర లేదు. చిన్న పసుపు దీపం వెలుగుతుంది, అంతే. దీపం మనిషిని కుదపదు గనుక చాలామంది దానితో బేరమాడుతుంటారు.

హైబ్రిడ్ కార్లు వచ్చాక ఈ బేరం మరీ ఎక్కువైంది. "బ్యాటరీ ఉన్నది కదా, పెట్రోలు అయిపోతే కరెంటు మీద పోతుంది" అని చదువుకున్నవారే నాతో అన్నారు. ఆ బ్యాటరీ ఎంతదో చూడండి. పూర్తి విద్యుత్తు కారు నెక్సాన్ తొలి రోజుల్లో 30 యూనిట్ల బ్యాటరీతో వచ్చింది. 2022లో మన దేశంలో విడుదలైన గ్రాండ్ విటారా, హైరైడర్ హైబ్రిడ్‌లలో ఉన్నది ఒక్క యూనిట్ కూడా పట్టని బ్యాటరీ. దానిని నింపేది ముఖ్యంగా పెట్రోలు ఇంజనే. ఎత్తు ఎక్కే దారిలో అది ఎంతోసేపు లాగలేదు.

అసలు చిక్కు వేరే ఉన్నది. ఈ రకం కార్లలో ఇంజనును తిప్పి లేపేది కూడా ఆ పెద్ద బ్యాటరీయే. పెట్రోలు లేదని ఒప్పుకోక మీట నొక్కుతూ పోతే ఉన్న కాస్త శక్తి హరించుకుపోతుంది. ఆ తరువాత పెట్రోలు తెచ్చి పోసినా ఇంజనును లేపే శక్తి మిగలకపోవచ్చు. పక్క కారు నుంచి తీగలు తగిలించినా ఈ బ్యాటరీ నిండదు. టాంకులోని పంపు పెట్రోలులో మునిగి ఉండి దానివల్లే చల్లబడుతుంది గనుక ఎండిన టాంకులో తిరిగితే అదీ చెడవచ్చు.

ఇంకా ఇన్ని కిలోమీటర్లు పోవచ్చునని తెర మీద కనిపించే అంకెను కూడా కొండల్లో నమ్మకండి. అంతవరకు అయిన ఖర్చును బట్టి వేసిన అంచనా అది. మైదానంలో లెక్క కట్టిన అంకె ఘాటు ఎక్కేటప్పుడు కళ్ల ముందే కరిగిపోతుంది.

పోయిన వేసవిలో మా దూరపు బంధువు తల్లిని వెంటబెట్టుకొని విశాఖపట్నం నుంచి వచ్చాడు. పార్వతీపురంలోనే దీపం వెలిగిందట, అంకె చూసి ధైర్యం తెచ్చుకున్నాడట. మా ఊరికి వచ్చే కొండ మలుపులో చీకటి పడే వేళకు కారు చడీచప్పుడు లేకుండా నిలిచిపోయింది. మీట ఏడెనిమిది సార్లు నొక్కాడు. ఆమె మధుమేహ రోగి. అరగంటలో భోజనం కదా అని గ్లిమెపిరైడ్ మాత్ర దారిలోనే వేసుకున్నది. కొంతసేపటికి చెమటలు పట్టాయి. ఏసీ ఆగింది గనుక ఉక్కకు పడుతున్నాయని కొడుకు అనుకున్నాడు. చేతులు వణికితే భయమనుకున్నాడు. ఆమె మాట తడబడడం మొదలైన తరువాతే నాకు ఫోన్ చేశాడు.

తెలిసిన కుర్రవాడి మోటారు సైకిలు మీద నేను చేరేసరికి ఆమె రక్తంలో చక్కెర 48. 70 కంటే తగ్గితేనే చికిత్స చేయాలి, 54 కంటే తగ్గితే మెదడుకు ముప్పు. స్పృహ ఉండి మింగగలుగుతున్నది గనుక మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ పరీక్షించి, మరోసారి ఇచ్చాను. స్పృహ తప్పి ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ జాతి మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది. తేరుకున్న మనిషి మళ్లీ పడిపోవచ్చు. అందుకే ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచాము.

అక్కడే మరో ప్రమాదం తప్పింది. సాయానికి వచ్చిన యువకుడు తన బండి టాంకులో గొట్టం పెట్టి నోటితో పెట్రోలు పీల్చబోయాడు. వారించాను. పెట్రోలు చాలా పలుచని ద్రవం. ఒక్క గుక్క పొరపోయినా శ్వాసనాళం వెంట జారి ఊపిరితిత్తులను వాపెక్కిస్తుంది. మొదట దగ్గు వచ్చి తగ్గినట్టే ఉంటుంది, ఆయాసం గంటల తరువాత మొదలవుతుంది. కిరసనాయిలు తాగిన పసిపిల్లల్లో ఈ దుస్థితిని సర్వీసులో చాలాసార్లు చూశాను. అటువంటప్పుడు ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం పెద్దలు చేసే అపకారం. మింగినప్పుడు తప్పినది వాంతిలో ఊపిరితిత్తులకు చేరుతుంది. తక్షణం ఆసుపత్రికి తీసుకుపోయి, కనీసం ఆరు గంటలు కనిపెట్టి ఉండాలి. నీళ్ల సీసాలో పెట్రోలు తెచ్చి ఇంట్లో పెట్టేవారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

మరునాడు డబ్బాతో పెట్రోలు తెచ్చి పోసినా ఆ కారు కదలలేదు. తాడు కట్టి లాగుదామన్నారు కొందరు. హైబ్రిడ్‌ను ముందు చక్రాలు నేల మీద దొర్లేలా లాగితే లోపలి మోటార్లు తిరిగి దెబ్బతినవచ్చు, పైకెక్కించుకునే లారీ కావాలి. అది విశాఖ నుంచి వచ్చేసరికి సాయంత్రమైంది.

మీరు ఈ వైపు వచ్చేటప్పుడు పార్వతీపురంలోనే సగం టాంకుకు పైగా ఉండేలా చూసుకోండి. ఒకవేళ ఆగిపోతే మీటను పదేపదే నొక్కకండి. హెచ్చరిక దీపాలు వేసి, రోగులను దించి సురక్షితంగా పక్కన కూర్చోబెట్టండి. లీటరు సీసా తెచ్చి పోస్తే చాలదు, ఏటవాలులో ఆ కాస్త పెట్రోలు పంపుకు అందకపోవచ్చు. షుగర్ మాత్ర వేసుకునేవారు కంచం ఎదుటికి వచ్చాకే వేసుకోండి. ముందు సీటు ఎదుటి అరలో గ్లూకోజు పొట్లం ఒకటి ఉంచండి. చీమలు పట్టకుండా డబ్బాలో పెట్టి మరీ.