వీడియో ఆగిన తర్వాతి గంట

ఐఐటీ ప్రొఫెసర్ పాఠం ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతున్నప్పుడు క్లాసులో లెక్చరర్ ఏం చెయ్యాలి? శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలోని ట్రిపుల్ ఐటీకి ఈ ప్రశ్నతోనే వెళ్లాను. ఉత్తరాంధ్రలో ఇది అడగడానికి అంతకంటే తగిన చోటు నాకు తోచలేదు. పల్లెల్లో పదో తరగతి బాగా చదివిన పిల్లల్ని ఆరేళ్ల చదువుకు తీసుకుని, చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి నేర్పాలన్న సంకల్పంతో 2008లో పుట్టిన ఆర్‌జీయూకేటీ అనే విశ్వవిద్యాలయానికి ఇది 2016లో వచ్చిన క్యాంపస్. తొలి చాన్సలర్ రాజ్‌రెడ్డి కృత్రిమ మేధలో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి.

ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే ఉచిత ఆన్‌లైన్ పాఠాల పథకం మొదలుపెట్టాక మంచి ఉపన్యాసానికి కరువు తీరింది. తప్పు దిద్దే మనిషికి మాత్రం తీరలేదు. బీమ్ మీద బరువు పెట్టి బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్ గీయడం వీడియోలో చూస్తే ఇట్టే తెలిసిపోయినట్టుంటుంది. కాగితం మీద ఒక్కచోట ప్లస్‌కి మైనస్ పడితే బొమ్మంతా చెడుతుంది. ఆ మైనస్ ఎందుకు పడిందో బెంచీ పక్కన నిలబడ్డ లెక్చరర్ పట్టుకోగలరు. అందుకే వీడియో హాస్టల్‌లో, లెక్క క్లాసులో ఉండాలంటాను.

తెలుగు మీడియం పిల్లలకు వీడియోల్లోని ఇంగ్లిషు ఎక్కడ అందుతుందన్న అభ్యంతరం నిజమైనదే. అయితే క్లాసులో చెప్పే ఇంగ్లిషు కూడా వాళ్లకు అందడం కష్టమే. అక్కడ మళ్లీ చెప్పమని అడగడానికి బిడియం. వీడియోని పదిసార్లు వెనక్కి తిప్పినా అడిగేవారు లేరు. మిగిలిన సందేహాన్ని మర్నాడు తెలుగులో తీర్చవచ్చు. ఇక ల్యాబ్ సంగతి. వర్చువల్ ల్యాబ్స్‌లో సర్క్యూట్ కలిపినంత మాత్రాన చేతికి పని రాదు, ఒప్పుకుంటాను. ముందురోజు తెరమీద కలిపి చూసుకుంటే మాత్రం అసలు ల్యాబ్‌లో ఉన్న కాస్త సమయం వైర్లు వెతకడానికే అయిపోదు.

అక్కణ్ణుంచి విజయనగరం. 2007లో ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై 2022లో గురజాడ పేరుతో విశ్వవిద్యాలయమైన జేఎన్‌టీయూ ప్రాంగణం చూస్తుంటే ఆన్‌లైన్ కోర్సుల క్రెడిట్ల మాట గుర్తొచ్చింది. సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’ ద్వారా చదవవచ్చని యూజీసీ 2021లో చెప్పింది. క్రెడిట్ విద్యార్థికి చేరుతుంది, సరే. తగిన వీడియో ఏరి, దానికి లెక్కలు తయారుచేసి, వచ్చిన తప్పుల్ని బట్టి మర్నాటి పాఠం మార్చుకునే లెక్చరర్ గంటలు ఏ టైమ్‌టేబుల్‌లో పడతాయి? ఆన్‌లైన్ వల్ల ఆయన పని తగ్గదు, పెరుగుతుంది. ఆ గంటల్ని వర్క్‌లోడ్‌లో కలిపి రాయాల్సింది విశ్వవిద్యాలయాలు, కాలేజీలే.